లక్క విన్న మాట

అంకుడుపాలెం నూకరత్నం కోర్టుకి అప్పడాల కర్ర పట్టుకెళ్తోందని తెలిసి ఊళ్లో సగం మంది నవ్వారు. మిగతా సగం మంది ఆ కర్ర ఎవరి వీపు మీదో విరుగుతుందనుకున్నారు. ఈ రెండో రకం వాళ్లే నిజానికి కాస్త దగ్గరగా వచ్చారు.

నవ్వేవాళ్లని నవ్వుకోనిద్దాం. ముందు కర్ర సంగతి. ఆ ఊరికి లక్కబొమ్మలే బతుకు. వెనకున్న కొండ మీద అంకుడు చెట్లు పెరుగుతాయి. ఆ కర్ర వెన్నలా తెగుతుంది. దాన్ని తరిణి అనే తిప్పుడు బల్లకి బిగించి ఒకరు తాడు అటూ ఇటూ లాగుతుంటే కర్ర గిరగిరా తిరుగుతుంది, ఇంకొకరు రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రని పట్టుకుని అక్కడికక్కడే గట్టిపడుతుంది. ఆఖర్న మొగలి ఆకుతో రుద్దితే మొహం చూసుకోవచ్చు. ఊరంతా తరిణిలకి మోటార్లు పెట్టించుకున్నా నూకరత్నం మొగుడు లోవరాజు మాత్రం పెట్టించలేదు. మోటారు మోతలో పెళ్లాం తిట్లు వినపడవనేవాడు. అతను లక్క పట్టేవాడు, ఆమె తాడు లాగేది. పెళ్లైన మర్నాటి నుంచీ అదే కాపురం.

ఆ కొండని ఒక గ్రానైట్ కంపెనీ అడిగింది. ఊరు ఒప్పుకుంటే తప్ప కొండ ఇవ్వకూడదని చట్టం. అందుకని గ్రామసభ పెట్టారు. ఆ రోజు వాన. ఊళ్లో తడవకుండా జనం పట్టే చోటు లోవరాజు తాటాకు పాక ఒక్కటే. పైగా సర్పంచి భద్రం లోవరాజు కొడుకే. అందరూ వచ్చి కూర్చున్నా లోవరాజు తరిణి దగ్గర్నుంచి లేవలేదు. సభ సభే, పని పనే అన్నాడు. అప్పడాల కర్రకి జాఫరా గింజల ఎరుపు పట్టిస్తూ కూర్చున్నాడు. నూకరత్నం తాడు లాగుతూనే ఉంది.

కంపెనీ మేనేజరు చెప్పాల్సిందంతా చెప్పాడు. రోడ్డన్నాడు, ఉద్యోగాలన్నాడు. చివరికి ఊరి మాటేమిటని అడిగాడు. ఊరంతా ఒక్క గొంతుతో, "కొండ ఒగ్గం" అంది. ఆ వైపు మాటలో ఒగ్గడమంటే వదలడం. ఒగ్గం అంటే వదలం. అంతకంటే తేట తెలుగు ఇంకెక్కడా ఉండదు.

జనం కేకలు సద్దుమణగకముందే భద్రం మేనేజర్ని పక్కకి తీసుకొచ్చాడు. పక్క అంటే ఎక్కడనుకున్నారు, తరిణి పక్కనే. అమ్మా నాన్నా పనిలో ఉన్నారు కదా, వాళ్లకేం వినపడుతుందిలే అనుకున్నాడు కాబోలు. నూకరత్నం చెవిలో మాత్రం ప్రతి మాటా పడింది. ఆమె చేతిలో తాడు ఆగిపోబోయింది. కాసేపటికి మళ్లీ ఎప్పుడు ఊపందుకుందో ఆమెకే తెలీదు. లోవరాజు ఆ కొస దాకా లక్క పట్టించాడు. మొగలి ఆకు మాత్రం ముట్టలేదు. మెరుగు పెట్టకుండానే కర్రని చూరులో దోపాడు. ఆ తర్వాత అతను బతికిన నాలుగు రోజులూ కొడుకుతో మాట్లాడలేదు, పెళ్లాంతో ఆ మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఎత్తితే నిజమైపోతుందని భయం.

సభ జరిగినట్టు కంపెనీ తీసిన వీడియో బయటికొచ్చింది. అందులో అదే పాక, అదే జనం, అవే గొంతులు. మాట మాత్రం "కొండ ఒగ్గేం". అంటే వదిలేశాం. ఒక్క అచ్చు మార్చారు, కొండ ఎగిరిపోయింది. మనుషుల మొహాల్ని, గొంతుల్ని కావలసినట్టు అల్లే యంత్రాలు వచ్చాక పెద్ద పెద్ద అబద్ధాలు ఎవరైనా పట్టేస్తున్నారు. ఇంత చిన్న అబద్ధాన్ని ఎవరు పట్టాలి? పెదాల కదలిక దగ్గర్నుంచి అంతా సరిపోయింది. ఫోనులో చూసిన ఊరివాళ్లే బుర్ర గోక్కున్నారు. ఏమో, తొందరలో అలా అన్నామేమో అని ఒకరిద్దరు నసిగారు. లోవరాజు మాత్రం తన నోటితో తను అనని మాట వస్తుంటే చూసి, ఫోను అరుగు మీద పెట్టి లోపలికెళ్లి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

కేసు జిల్లా కోర్టుకి వచ్చింది. ఊరి తరఫు ప్లీడరు జగన్నాథం మంచివాడే గాని మొదటి రోజే నీరుగారిపోయాడు. వీడియోకి ధ్రువపత్రం ఉంది. తీసిన కెమెరా ఎవరి అధీనంలో ఉందో వాళ్లే సంతకం పెట్టారు. సర్పంచి భద్రం బోనెక్కి, సభ అలాగే జరిగిందని ప్రమాణం చేశాడు. కంచే చేను మేస్తుంటే ఇంక ఎవరితో చెప్పుకోవాలి? ఊరివాళ్ల నోటి మాట ఒకవైపు, ముద్రలన్నీ పడిన వీడియో ఇంకోవైపు. నోటి మాటకి ముద్ర ఎవరు వేస్తారని జగన్నాథం తల పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే విశాఖపట్నం నుంచి డాక్టర్ హైమవతి ఊళ్లోకి దిగింది. ఆమె శబ్దశాస్త్రం చదివిన మనిషి. మెరుగు పెట్టని పాత లక్కబొమ్మలు కావాలని ఇల్లిల్లూ తిరుగుతోంది. మెరుగు పెట్టని బొమ్మ ఎవడికమ్మా అని అందరూ నవ్వుతుంటే విసుక్కోకుండా చెప్పింది. మనిషి మాట్లాడితే గాలి వణుకుతుంది, గాలితో పాటు లక్క కడ్డీ వణుకుతుంది, కరిగిన లక్క మీద ఆ వణుకు సన్నటి గీతలై పడుతుంది. మొగలి ఆకుతో రుద్దితే గీతలు చెరిగిపోతాయి. రుద్దకపోతే మాట అక్కడే ఉంటుంది. నూకరత్నం అరుగు మీద కూర్చుని ఇదంతా విని లోపలికెళ్లి చూరుకేసి చూసింది. అప్పడాల కర్ర అక్కడే ఉంది.

మర్నాడు జగన్నాథాన్ని వెంటబెట్టుకుని ఆమె విశాఖపట్నం వెళ్లింది. కర్ర మాత్రం తీసుకెళ్లలేదు. ముందు ఆ యంత్రం మాట వింటుందో కోతలు కోస్తుందో చూద్దామని, లోవరాజు సగం లక్క పట్టి వదిలేసిన బొంగరం ఒకటి కొంగున కట్టుకుంది. హైమవతి ప్రయోగశాలలో యంత్రం పెద్దదేం కాదు. చివర సూదంత వెలుతురు ఉంటుంది, అది లక్క మీద గీత గీతనీ తడుముతుంది. విద్యార్థులు దానికి చెవిపుల్ల అని పేరు పెట్టారు. తాడు అటు లాగినప్పుడు మాట తిన్నగా, ఇటు లాగినప్పుడు తిరగబడి రాసుకుంటుందట. ఆ రెంటినీ విడదీసి కుట్టడం నేర్చుకునేసరికి తన జుట్టు నెరిసిందని హైమవతి నవ్వింది.

బొంగరం తిరిగింది. ముందు గరగర. తర్వాత తాడు ఊగే చప్పుడు. ఆ వెంటనే గదిలో లోవరాజు విసుక్కున్నాడు.

"ఇంతుప్పేటే పులుసులో? సముద్రం గాని ఒంపీసేవా?"

నూకరత్నం ఉలిక్కిపడలేదు. అలవాటుగా జవాబిచ్చేసింది. "నీ నాలికే సచ్చింది, నా పులుసుకేటి?" అన్నాక గాని మొగుడు పోయాడన్న సంగతి గుర్తుకి రాలేదు. నవ్వొచ్చింది, నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. రెండూ కొంగుతోనే తుడుచుకుంది. జగన్నాథం కిటికీ వైపు తిరిగాడు.

హైమవతి బొంగరం తీసి ఆమె చేతిలో పెట్టింది. గీతలన్నీ పోయి నున్నగా ఉంది. వెలుతురు వేడికి లక్క కరుగుతుంది, అందుకని ఏ బొమ్మైనా ఒక్కసారే మాట్లాడుతుంది. విన్నదాన్ని ఫోనులో దాచుకోవచ్చు గాని కోర్టుకి నకలు చాలదు, అసలు కావాలి. కాబట్టి జడ్జిగారి ఎదటే యంత్రం పెట్టి, అక్కడే మొదటిసారి, ఆఖరిసారి చదివించాలి. నూకరత్నం నేల చూపులు చూస్తూ, మొదట కొంచెం వినిపించి తతిమ్మాది ఆపేయడానికి వీలవుతుందా అని అడిగింది.

"కోస్తే అది సాక్ష్యం కాదు పెద్దమ్మా," అంది హైమవతి. "వాళ్ల వీడియో మీద మనం వేస్తున్న నిందే అది కదా."

ఆ మాట నూకరత్నాన్ని బస్సు దాకా వెంటాడింది, తనూ బస్సెక్కి పక్కన కూర్చుంది, ఊరొచ్చినా మనసులోంచి దిగలేదు. కర్ర కోర్టుకెళ్తే కొండ దక్కుతుంది. కొడుకు జైలుకెళ్తాడు, దొంగ వీడియోకి ఒకటి, దొంగ ప్రమాణానికి ఒకటి. కర్ర వెళ్లకపోతే కొడుకు దక్కుతాడు. కొండ పోతుంది, అంకుడు పోతుంది, మొగుడు అనని మాట మొగుడి నోట్లోనే మిగిలిపోతుంది. కడుపు తీపి మామూలుది కాదు. రెండు రోజులు ఆమె పొయ్యి సరిగా వెలిగించలేదు. మూడో రోజు జగన్నాథానికి కబురు పెట్టబోయి మానుకుంది. కర్ర లేదు, ఎలుకలు కొట్టేశాయని చెప్పేస్తే పోతుందనుకుంది కూడా.

అలా ఊగిసలాడుతుండగానే భద్రం వచ్చాడు. పట్టపగలు, భోజనాల వేళ. కొత్త సాక్ష్యం పెడతానని జగన్నాథం కోర్టుని అడిగాడని అతనికి తెలిసిపోయింది; మెరుగు పెట్టని లక్క సంగతి హైమవతి ఊరంతా చెప్పిందే. రాగానే అమ్మకి ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. కూరేమిటన్నాడు. కూర్చున్నాడు. చూరుకేసి ఒకసారి చూసి, నాన్న చేసిన ఆఖరి పని అలా సగంలో ఉండిపోవడం మనసుకి కష్టంగా ఉందన్నాడు. సంచిలోంచి ఒకటి తీసి అరుగు మీద పెట్టాడు. కోసి ఎండబెట్టిన మొగలి ఆకు.

"తాడు లాగమ్మా. మెరుగెట్టీసి ఇచ్చీస్తాను," అన్నాడు.

ఎంత మెత్తగా అన్నాడో చూడండి. దొంగతనానికి వచ్చినవాడు కన్నం వేస్తాడు, నిప్పు పెట్టేవాడు అగ్గిపుల్ల తెస్తాడు. లక్కపని ఇంట్లో పుట్టినవాడు కాబట్టి వీడు మొగలి ఆకు తెచ్చాడు. నాలుగు సార్లు రుద్దితే కర్రకి మచ్చా ఉండదు, మాటా ఉండదు. అది కూడా తల్లి చేత తాడు లాగించి. నూకరత్నానికి అప్పటిదాకా దుఃఖమే ఉంది. ఆ ఆకు చూశాక కోపం వచ్చింది. కోపం రాగానే కాళ్లకి సత్తువ వచ్చింది.

కొడుకుని ఆమె తిట్టలేదు. ఎందుకు చేశావని మాత్రం అడిగింది. భద్రం కూడా దాచలేదు, చెప్పొద్దూ. కంపెనీ ఎలాగూ వస్తుంది, మనం కాదంటే ఇంకోళ్ల చేత అవుననిపిస్తుంది, ఆ మాత్రానికి ఊరికి రోడ్డైనా మిగలనీ అనుకున్నానన్నాడు. బొమ్మలు చేసుకుంటూ ఎన్నాళ్లు బతుకుతామన్నాడు. అందులో కొంత నిజం ఉందని ఆమెకీ తెలుసు. మరి ఆ ముక్క సభలో లేచి చెప్పొచ్చు కదా అంది. చెప్తే ఊరు వినేది కాదన్నాడు.

"ఊరు ఇనదని ఊరి నోరు మార్సీసేవు," అంది నూకరత్నం. "మీ నాన్న నోరు కూడాను. ఆకు తీసుకుపో."

భద్రం ఆకు తీసుకుపోలేదు. అక్కడే వదిలేసి, చెప్పులు తొడుక్కుంటూ, అది వినిపిస్తే నువ్వు కొడుకు లేనిదానివవుతావని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆమె ఆకు తీసి పొయ్యిలో పెట్టింది. దాని మంటతోనే పొయ్యి రాజేసి అన్నం వండుకుని, రెండు రోజుల తర్వాత కడుపు నిండా తింది.

వాయిదా రోజున కోర్టు హాలు కిటకిటలాడింది. కంపెనీ ప్లీడరు పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి. అప్పడాల కర్రని చూసి, ఇది గృహహింస కేసుల్లో పనికొచ్చే సాక్ష్యమని చమత్కరించాడు. తను ఒక్కడే నవ్వాడు. జడ్జిగారు కళ్లద్దాల మీంచి చూసేసరికి అదీ ఆగింది. తర్వాత అసలు పట్టు పట్టాడు. యంత్రం తీసిన రికార్డుకి, ఆ యంత్రం ఎవరి అధీనంలో ఉందో వాళ్ల ధ్రువపత్రం ఉండాలి. ఇక్కడ రికార్డు చేసిన యంత్రమేది? దాని అధికారి ఎవరు? తాడు లాగే తరిణిని కూడా యంత్రమంటారా?

జగన్నాథం లేచాడు. మొన్నటి నీరసం మనిషిలో లేదు. "తిరుగుతుంది, పని చేస్తుంది, మాట రాసింది. యంత్రమనిపించుకోడానికి ఇంక దానికి కొమ్ములు మొలవాలా?" అన్నాడు. ఆ యంత్రాన్ని నడిపినవాళ్లలో ఒకరు పోయారని, రెండో మనిషి ఇదిగో ఉన్నారని నూకరత్నాన్ని చూపించాడు.

జడ్జిగారు చాలాసేపు రెండు వైపులా విన్నారు. హైమవతిని బోనెక్కించి చెవిపుల్ల సంగతంతా అడిగారు. చివరికి జడ్జిగారు తేల్చింది ఇదీ: కర్రని ఇక్కడే, అందరి ఎదటా, మొదలు నుంచి చివర దాకా ఆపకుండా చదివించాలి. చదివాక, అందులో ఉన్న గొంతులు ఎవరివో ఆ గొంతులు ఎరిగినవాళ్లు ప్రమాణం చేసి చెప్పాలి. ప్రధానమైన గొంతుల్లో ఏ ఒక్కటి పోల్చలేకపోయినా దీన్ని సాక్ష్యంగా తీసుకోనన్నారు.

హైమవతి కర్రని యంత్రానికి బిగించింది. హాల్లో ఫంకాలు ఆపించారు. గరగర మొదలైంది. తాడు ఊపు వినపడింది, వాన వినపడింది, మేనేజరు గొంతు దూరంగా వినపడింది. ఊరి మాటేమిటని అడగడమూ వినపడింది. ఆ తర్వాత పాకంతా కోర్టులోకి వచ్చేసింది.

"కొండ ఒగ్గం."

వెనక బెంచీల్లో ఊరివాళ్లు తమ గొంతులు తాము విన్నారు. అలా అన్నామేమో అని నసిగిన ఒకాయన బిగ్గరగా ఏడ్చేశాడు. జడ్జిగారు ఆయన్ని మందలించలేదు. కంపెనీ ప్లీడరు మొహం మాత్రం చెక్కు చెదరలేదు. యంత్రం ఆగలేదు. కేకలు తగ్గాయి. కడ్డీకి అతి దగ్గరగా, అన్నిటికంటే స్పష్టంగా, ఒక గుసగుస.

"ఈళ్ల అరుపులకేటి గాని సారూ, ఇడియో నాకొగ్గీండి. ఆ ఒక్క మాటా దిద్దించీగలం."

తాడు ఊపు సన్నగిల్లింది, కర్ర ఆగీ ఆగకుండా తిరుగుతోంది. కాసేపు వాన తప్ప ఏమీ లేదు. అప్పుడు లోవరాజు గొంతు వచ్చింది, మెల్లగా, పక్కనున్న మనిషికి తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా. "లాగు నూకా. ఆపకు." తాడు మళ్లీ ఊపందుకుంది. ఆ రోజు ఆ మాట ఆమె చెవిన పడనే లేదు. గుండె చప్పుడులో కలిసిపోయింది కాబోలు. మొగుడు విన్నాడని, విని తట్టుకున్నాడని, తన చేతికి ధైర్యం చెప్పాడని ఇప్పుడు తెలిసింది. చెవిపుల్ల కర్ర కొసకి చేరి ఆగింది. కర్ర అద్దంలా మెరుస్తోంది.

కంపెనీ ప్లీడరు వెంటనే లేచాడు. అనుభవమున్నవాడు, ఎక్కడ పట్టుకోవాలో తెలుసు. ఆ గుసగుస ఎవరిదో తెలియదన్నాడు. ఎవరో నాటకం ఆడి రికార్డు చేయించి ఉండొచ్చన్నాడు. ప్రధానమైన గొంతు పోల్చలేనప్పుడు తమరి ఉత్తర్వు ప్రకారమే మొత్తం కొట్టేయాలని కూర్చున్నాడు. అతని వెనక వరసలో భద్రం తెల్ల చొక్కాలో కూర్చుని ఉన్నాడు.

నూకరత్నం బోనెక్కింది. జడ్జిగారు ఒక్కో గొంతే అడిగారు. ఊరివాళ్ల గొంతులు పేరు పేరునా చెప్పింది. లోవరాజు గొంతు చెప్పింది.

"ఆ గుసగుస ఎవరిదమ్మా?" అన్నారు జడ్జిగారు.

భద్రం తల ఎత్తి తల్లిని చూశాడు. సన్నగా తల అడ్డంగా ఆడించాడు. చిన్నప్పుడు కల్లంలో గడ్డివాము తగలబెట్టొచ్చి, నాన్నతో చెప్పకమ్మా అన్నప్పుడూ అలాగే ఆడించాడు. అప్పుడు ఆమె చెప్పలేదు. ఇప్పుడు రెండు చేతులతో బోను అంచు పట్టుకుంది.

"నా కొడుకుది. మా ఊరి సర్పంచి ఈరబద్రం. అదిగో, ఆ తెల్ల సొక్కా."

కంపెనీ ప్లీడరు గొంతు బాగా మెత్తబడింది. కన్నతల్లివి, పుత్రశోకం కోరి తెచ్చుకోకు అన్నాడు. నీ మాట మీద నీ బిడ్డ జైలుకి పోతాడు, ముసలితనంలో చెవులు మోసం చేస్తాయి, ఖాయంగా చెప్పలేనంటే నిన్నెవరూ తప్పు పట్టరన్నాడు. దారి చూపిస్తున్నాడన్నమాట. నూకరత్నం ఆ దారిని చూసింది. బాగా చూసే, అతని వైపు తిరిగింది.

"ఇంకెవులైనా సెప్తే పార్టీ పగని కొట్టిపారీగలవు బాబూ," అంది. "కన్నదాన్ని నాను సెప్తన్నాను. నాకేటి లాబం? అబద్ధమని ఎలా అంటావో అను. ఇంటాను."

అతను కాగితాలు సర్దాడు, కూర్చున్నాడు. జడ్జిగారు టైపిస్టుకి చెప్పడం మొదలెట్టారు. లక్క పట్టిన కర్రని, అందులోంచి వెలువడిన మాటల్ని, మొత్తంగా సాక్ష్యంగా స్వీకరించడమైనది. గొంతుల్ని పోల్చిన సాక్షికి అబద్ధం చెప్పవలసిన అవసరం కనపడలేదు సరికదా, నిజం చెప్పినందువల్ల కలిగే నష్టం కళ్లెదటే ఉంది.

గుమాస్తా వేలిముద్రకి సిరా పెట్టె ముందుకి తోశాడు. ఆమె దాన్ని వెనక్కి తోసి కలం అడిగింది. కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. అక్షరాలు వంకర పోయాయి. రాయడం మాత్రం పూర్తి చేసింది.

బోను దిగి వస్తుంటే భద్రం కూర్చున్న వరస దారిలోనే ఉంది. తిడుతుందనుకున్నారు జనం, కావలించుకుని ఏడుస్తుందనుకున్నారు. ఆమె కొడుకు ఎదట ఆగింది.

"బోను కాళీ అయింది," అంది. "ఎల్లి ఎక్కు. నీ నోటితో నువ్వే సెప్పుకో."

భద్రం తల ఎత్తలేదు. ఆమె కదల్లేదు. చివరికి అతను లేచి బోను వైపు నడిచాడు.